కడిగిన పలక మీద మొదటి అంకె

‘మా 4జీ మోడెమ్‌కి ఆఫ్ బటనే లేదు. ప్రతిసారీ తీగ పీకేస్తాను. అయినా లోపలి సెట్టింగులు చెడిపోవేం?’ అని ఒక పాఠకుడు అడిగారు. ఈ ఒక్క ప్రశ్నతో నాకు రెండు రోజులు పండగే.

ఇలాంటి మోడెమ్‌లు చాలావాటిలో పూర్తి లైనక్స్ ఉంటుంది. నిల్వకు ఒక నాండ్ ఫ్లాష్ చిప్, అంటే కరెంటు పోయినా రాసింది పోని చిప్. లోపలికి లాగిన్ అయి పార్టిషన్ల (ఆ చిప్‌ను విడగొట్టిన భాగాల) పట్టిక తెరిస్తే బూట్‌లోడర్, కెర్నెల్, రేడియో ఫర్మ్‌వేర్, రికవరీ, సిస్టమ్, యూజర్ డేటా అని వరసగా కనిపిస్తాయి. చాలా చిప్‌లలో ప్రతి పేరు పక్కనా ఒకే అంకె: 00020000. హెక్సాడెసిమల్‌లో ఉంది కాబట్టి మన లెక్కలో 131072 బైట్లు. పార్టిషన్ల పేర్లు మరిచిపోయినా ఫర్వాలేదు, ఈ అంకెను పట్టుకోండి. చిప్‌లో ఒకేసారి చెరపాల్సిన ముక్క (ఎరేజ్ బ్లాక్) సైజు అది.

ఆ ముక్కను 64 వరుసలున్న పలకగా ఊహించుకోండి. వరుసకు 2048 బైట్లు పడతాయి. రెండూ గుణిస్తే పై అంకే వస్తుంది. పై నుంచి కిందికి ఒక్కో వరుసా రాసుకుంటూ పోవచ్చు. కానీ ఒక్క వరుసనే చెరపడం కుదరదు, పలక మొత్తం కడగాల్సిందే. కడిగిన పలకలో అన్నీ 1లే. రాయడమంటే వాటిలో కొన్నిటిని 0 చేయడం. 0ని మళ్లీ 1 చేయడానికి కడగడం తప్ప దారి లేదు. కడిగిన కొద్దీ పలక అరిగిపోతుంది కూడా. ఫైల్‌సిస్టమ్ పాఠం ఇప్పటికీ తిరిగే డిస్క్ బొమ్మతోనే మొదలెడతారు. అక్కడ రాసినచోటే దిద్దొచ్చు కాబట్టి, ఈ అవస్థ పిల్లల ఊహకే అందదు.

అందుకే లైనక్స్‌లో ఈ పలకల లెక్క చూసే యూబీఐ అనే సాఫ్ట్‌వేర్ గుమాస్తా ఉన్నాడు. 2007లో చేరాడు. ఏ పలకను ఎన్నిసార్లు కడిగారో ఆ పలక మొదటి వరుసలోనే రాసిపెట్టడం అతని పద్ధతి. ఇక్కడే నాకు ముచ్చటేసే తిరకాసు. కడిగితే ఆ లెక్కా పోతుంది కదా! అందుకని కడగ్గానే, మరే పనీ పెట్టుకోకుండా, ఒకటి కలిపి మళ్లీ అక్కడే రాస్తాడు. సరిగ్గా ఆ మధ్యలో కరెంటు పోతే? ఆ పలక లెక్క గల్లంతే. మిగతా పలకల సగటు తీసి దానికి అంటగడతాడు. చిన్న అబద్ధమే కానీ, అరుగుదలను అన్ని పలకలకూ పంచడానికి అది చాలు.

రెండో వరుసలో ‘ఇది ఫలానా వాల్యూమ్‌లో (గుమాస్తా విడగొట్టిన నిల్వ భాగంలో) ఫలానా ముక్క’ అన్న చీటీ, దాంతోపాటు ఒక క్రమసంఖ్య. ఈ రెండు వరుసలూ పోను మిగిలేది 126976 బైట్లు. యూబీఐ లాగ్‌లలో ఈ వింత సంఖ్య కనిపించేది అందుకే.

ఇక తీగ పీకడం. ఒక ముక్కను మొత్తంగా మార్చాల్సి వస్తే గుమాస్తా పాత పలకను ముట్టుకోడు. ఖాళీ పలక తీసుకుని, పెద్ద క్రమసంఖ్యతో, సీఆర్‌సీ అనే తనిఖీ మొత్తంతో కొత్త ప్రతి రాస్తాడు. అదయ్యాకే పాతది కడుగుతాడు. మధ్యలో తీగ పీకారనుకోండి, మళ్లీ ఆన్ చేసినప్పుడు ఒకే ముక్కకు రెండు పలకలు పోటీ పడతాయి. కొత్తదాని తనిఖీ మొత్తం సరిపోతే అదే చెల్లుతుంది, లేకపోతే పాతదే. సగం రాసిన సెట్టింగు పోవచ్చు కానీ, ముందటిది మిగులుతుంది. దీని మీద కూర్చునే యూబీఐఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్ కూడా మార్పులను ముందు జర్నల్ అనే చిట్టాలో రాసుకుని, పాతవాటి జోలికి తర్వాత వెళుతుంది. మూడుసార్లు పీకి పెడితేనే మోడెమ్ బాగవుతుందనే నమ్మకం కొందరికుంది. ఆ మూడు అంకెకు గుమాస్తా ఖాతాలో చోటు లేదు.

బూట్‌లోడర్ సంగతి వేరు. చిప్ ఆన్ కాగానే చదివే ఆ పార్టిషన్ గుమాస్తా పెత్తనం కింద ఉండదు. చాలా మోడెమ్‌లలో దాన్ని ఉన్నచోటే కడిగి, అక్కడే తిరిగి రాస్తారు. ఆ కాసేపూ పాత ప్రతి ఉండదు, కొత్తదీ పూర్తి కాదు. కాబట్టి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ నడుస్తున్నప్పుడు మాత్రం ఆ తీగ జోలికి పోకండి.