జానపద పరిశోధన సామగ్రిని డిజిటల్‌గా భద్రపరచడం: అపోహలు – వాస్తవాలు

జానపద పరిశోధకులు దశాబ్దాలపాటు ఊరూరా తిరిగి సేకరించిన క్యాసెట్లు, నోటుపుస్తకాలు, ఫొటోలు చాలాసార్లు వారు పోయిన తరవాతే ఆర్కైవ్‌కు చేరతాయి. ట్రంకుపెట్టెల్లో సర్ది తెచ్చే కుటుంబసభ్యుల మాటల్లో కొన్ని అపోహలు పదేపదే వినిపిస్తున్నాయి కనుక, ఈ పని చేసే మనిషిగా వాటి గురించి రాస్తున్నాను.

అపోహ: స్కాన్ చేసి హార్డ్ డిస్కులో పెడితే పని పూర్తయినట్టే.

ఏ హార్డ్ డిస్కయినా ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోతుంది. అందుకే కనీసం మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాల్లో, ఒకటి వేరే ఊళ్లో ఉండాలన్న నియమం పాటిస్తాం. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ అనే గుర్తింపు సంఖ్యను ముందే లెక్కగట్టి ఉంచుకుంటే, తరవాత ఎప్పుడు పోల్చి చూసినా ఫైలు చెడిపోయిందో లేదో బయటపడుతుంది.

అపోహ: క్యాసెట్లు బీరువాలో భద్రంగా ఉన్నాయి, తీరిగ్గా చూసుకోవచ్చు.

టేపు మీది అయస్కాంత పొడిని పట్టి ఉంచే పూత తేమకు క్రమంగా చెడుతుంది, బూజు పడుతుంది. టేపు బాగున్నా, దాన్ని సరిగా వినిపించే డెక్కులూ విడిభాగాలూ అరుదైపోతున్నాయి. 2025 తరవాత టేపుల్ని మామూలుగా డిజిటల్‌లోకి మార్చడం సాధ్యం కాకపోవచ్చని యునెస్కో ముందే హెచ్చరించింది. మార్చేటప్పుడు ఎంపీ3 చాలదు, కనీసం 24 బిట్లు, 48 కిలోహెర్ట్‌జ్‌తో వేవ్ ఫైలుగా తీయాలి. టేపును చదివే హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూను కాస్త తిప్పి సరిచేయగానే, అంతవరకూ దుప్పటి కప్పుకుని పాడినట్టున్న, మల్లన్న కథలు పాడే ఒగ్గు కథకుడి గొంతు తేటపడి, వెనక తాళాల మోత విడిగా వినిపిస్తుంది. ఆ పనిని తొందరలో వదిలేసిన రికార్డింగులు వింటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

అపోహ: శబ్దం దక్కితే చాలు, వివరాలు తరవాత రాసుకోవచ్చు.

నేను అన్నింటికంటే ఎక్కువగా భయపడేది ఈ మాటకే. ఒక క్యాసెట్టు మీద ‘మల్లన్న కథ – 2’ అని మాత్రమే ఉంది. పాడిందెవరో, మల్లన్న గుళ్లున్న కొమురవెల్లి వైపు వారో ఐనవోలు వైపు వారో, పట్నాలు (దేవుడి కొలుపులో రంగు పొడులతో వేసే ముగ్గులు) వేసినప్పుడు పాడారో, పరిశోధకుడు కోరితే ఇంటి అరుగు మీద కూర్చుని పాడారో తెలియకపోతే ఆ గంట శబ్దంతో పరిశోధన సాగదు. సేకరించిన వారికి అవన్నీ కంఠతా ఉండబట్టే చీటీ మీద రాయలేదు. చివరికి నోటుపుస్తకం పేజీల మధ్య దొరికిన బస్సు టికెట్టు వల్ల ఊరి దారి తెలిసింది. అందువల్లే పెట్టె తెరిచిన వెంటనే దేన్నీ కదపకుండా, ఉన్న వరుసను ఉన్నట్టే ఫొటో తీస్తాం. క్యాసెట్టును, నోటుపుస్తకాన్ని, ఫొటోను వేర్వేరు విభాగాలకు పంపకుండా ఒకే సంఖ్య కింద ముడిపెడతాం.

అపోహ: సిద్ధాంత వ్యాసం సాఫ్ట్ కాపీ ఉంది కాబట్టి దిగులు లేదు.

అన్ని కంప్యూటర్లలోనూ ప్రతి అక్షరానికి ఒకే సంకేతం ఉండేలా చేసిన యూనికోడ్ వాడుకలోకి రాకముందు డీటీపీలో కంపోజు చేసిన వ్యాసాలు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరాల గందరగోళంగా తెరుచుకుంటాయి, ఎందుకంటే ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ఆకారాలను కూర్చారు. పీడీఎఫ్ కంటికి బాగానే ఉన్నా, ‘ఒగ్గు’ అని వెతికితే ఒక్కటీ దొరకదు. కన్వర్టర్ వాడినా ఒత్తులు తారుమారవుతాయి కనుక మనిషి కూర్చుని ప్రూఫు చూడవలసిందే. మాండలిక ఉచ్చారణ చూపే ౘ, ౙ అక్షరాలు యూనికోడ్‌లోకి 2008లో గానీ రాలేదు కాబట్టి, అంతకు ముందటి ప్రతుల్లో వాటిని ఏ గుర్తుతో సూచించారో విడిగా నమోదు చేయాలి.

అపోహ: జానపదం అందరిదీ, ఎవరినీ అడగనక్కర్లేదు.

కథ సమాజానిదే కావచ్చు గానీ, పాడిన గొంతుకు యజమాని ఉన్నారు. మన కాపీరైటు చట్టంలోని 38వ సెక్షన్ ప్రదర్శకులకు 50 ఏళ్ల హక్కు ఇస్తోంది. చట్టానికి తోడు ఆచారం ఉంది. పద్మశాలీల మార్కండేయ పురాణాన్ని పటం (కథను బొమ్మలుగా గీసిన పొడవాటి గుడ్డ) చూపిస్తూ చెప్పే హక్కు కూనపులి వారికి వంశపారంపర్యంగా వస్తోంది, అది వారి జీవనోపాధి. అందువల్ల కొన్ని రికార్డింగులు అందరికీ, కొన్ని పరిశోధకులకు మాత్రమే, కొన్ని ఆ కుటుంబం అనుమతితోనే అందేలా ఏర్పాటు చేస్తాం. అప్పట్లో పాడినాయన ఊ అన్నది టేపు కోసమే, ఇంటర్నెట్ కోసం కాదు. అందుకే ఆ ఊరు వెళ్లి వారసులను మళ్లీ అడుగుతాం. ఒక కథకుడి కూతురు, తండ్రి గొంతు చాలా ఏళ్ల తరవాత మొదటిసారి హెడ్‌ఫోన్లలో విని, అనుమతి పత్రం మీద సంతకం చేసే ముందు మమ్మల్ని ఒకటే కోరింది: వివరాల్లో పరిశోధకుడి పేరు కంటే ముందు ‘పాడినవారు’ అని తన తండ్రి పేరు ఉండాలని. ఆ రోజు నుంచి మా పత్రంలో మొదటి గడి అదే.