మూట్ కోర్ట్ సొసైటీ సెలక్షన్లు: అపోహలు - వాస్తవాలు

నేను హైకోర్టులో ప్రాక్టీస్ చేస్తుంటాను. మూట్ అంటే లా విద్యార్థులు కల్పిత కేసు మీద నిజం కోర్టులోలా వాదించడం; కాలేజీలో వాటిని నడిపే విద్యార్థుల బృందమే మూట్ కోర్ట్ సొసైటీ. లా కాలేజీలు దాని సెలక్షన్లకు జడ్జిగా పిలిస్తే వీలున్నప్పుడల్లా వెళ్తాను. పిల్లలు చట్టం కన్నా సీనియర్ల పుకార్లనే ఎక్కువ చదివి వస్తున్నారు.

అపోహ: ఇంగ్లిష్ గడగడా మాట్లాడేవాళ్లకే సీటు.

భాష అసలు అడ్డే కాదని అబద్ధం చెప్పను. రాజ్యాంగం 348వ అధికరణ ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల వ్యవహారం ఇంగ్లిష్‌లో సాగుతుంది, మూట్లూ అదే దారి. కానీ స్కోర్ షీట్‌లో యాసకు గడి ఉండదు. చట్టం మీద పట్టు, కేసులోని వాస్తవాలకు దాన్ని అన్వయించే తీరు, ప్రశ్నకు జవాబు, కోర్టు మర్యాద: మార్కులు వీటికే. బట్టీ కొట్టిన స్పీచ్‌ని రెండో నిమిషంలోనే ఆపి "రెండో ఇష్యూ ముందు చెప్పండి" అంటాం. గడగడ అక్కడితో సరి. అడిగినదానికి ముందు అవుననో కాదనో చెప్పి, తర్వాత చిన్న వాక్యాల్లో కారణం చెప్పేవాళ్లు తెలుగు మీడియం నుంచి వచ్చినా నా దగ్గర ముందుంటారు.

అపోహ: ఎన్ని తీర్పులు చెబితే అన్ని మార్కులు.

ఎక్కువమందిని ముంచేది ఇదే. తీర్పు పేరు ఎత్తగానే మేం అడిగేవి మూడు. ఎంతమంది జడ్జిల బెంచ్? ఏ పేరా? ఇప్పటికీ చెల్లుతుందా? వ్యక్తి స్వేచ్ఛ మీద వాదిస్తూ ఎమర్జెన్సీలో వ్యక్తి స్వేచ్ఛ కోసం కోర్టుకెక్కే వీల్లేదన్న 1976 నాటి ఏడీఎం జబల్‌పూర్ తీర్పును ధీమాగా చదివేవాళ్లుంటారు. 2017లో పుట్టస్వామి (గోప్యత హక్కు) కేసులో తొమ్మిదిమంది జడ్జిల ధర్మాసనం దాన్ని తోసిపుచ్చిందని గుర్తుచేస్తే ముఖం పాలిపోతుంది. క్రిమినల్ ప్రాబ్లమ్ (వాదించడానికిచ్చే కల్పిత కేసు) ఇస్తే ఇంకో చిక్కు. ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. నేరం అంతకుముందు జరిగితే ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి. ప్రాబ్లమ్‌లో తేదీ చూడకుండా సెక్షన్ రాసినవాళ్లు మెమోరియల్ (రాతపూర్వక వాదన) మొదటి పేజీలోనే దొరికిపోతారు.

ఇప్పుడు చాట్‌జీపీటీ ఇచ్చిన సైటేషన్లు (తీర్పుల ప్రస్తావనలు) కూడా వస్తున్నాయి. 2023లో న్యూయార్క్‌లో నిజం లాయర్లకే, లేని తీర్పులు దాఖలు చేసినందుకు 5,000 డాలర్ల జరిమానా పడింది. తీర్పు తెరిచి చదవలేదంటే ఫుట్‌నోట్‌లో పెట్టొద్దు. నాలుగు తీర్పులు చాలు, నాలుగూ మీవై ఉండాలి.

అపోహ: స్పీకర్ కాకపోతే దండగ.

చాలా పోటీల్లో టీమ్ అంటే ఇద్దరు స్పీకర్లు, ఒక రీసెర్చర్. మెమోరియల్‌కి మార్కులు విడిగా ఉంటాయి, అది బలహీనంగా ఉంటే నోరున్న స్పీకర్ కూడా నిలబడలేడు. కొన్ని పోటీల్లో రీసెర్చర్‌కి వేరే పరీక్షే పెడతారు. మంచి రీసెర్చర్లు స్పీకర్ల కంటే అరుదు. ఆ సంగతి సెలక్షన్ చేసేవాళ్లకి బాగా తెలుసు.

అపోహ: సొసైటీలో చేరితే జెస్సప్‌కి పంపేస్తారు.

1960లో మొదలైన అంతర్జాతీయ మూట్ పోటీ జెస్సప్ పేరు వినగానే అందరికీ కళ్లు మెరుస్తాయి. అయితే చాలా కాలేజీల్లో సొసైటీ సభ్యత్వం వేరు, పోటీలకు టీమ్ ఎంపిక వేరు. టీమ్‌లు ఇంట్రా రౌండ్ల (కాలేజీ లోపలి పోటీల) ర్యాంకుల మీద పోతాయి. సొసైటీ పని అంటే ప్రాబ్లమ్ తయారీ, జడ్జిలకు బెంచ్ మెమో (కేసు మీద వివరణ నోట్), మెమోరియళ్లలో ఫార్మాట్ తప్పులకు మార్కుల కోత, టైమ్ కీపింగ్, చివరికి భోజనాలు. అందుకే ఇంటర్వ్యూలో "రేపు ఫైనల్, రాత్రి పదకొండింటికి జడ్జి రానన్నారు, ఏం చేస్తావ్?" లాంటివి అడుగుతారు. దానికి వ్యక్తి స్వేచ్ఛనిచ్చే 21వ అధికరణ అక్కరకు రాదు!

అపోహ: "మై లార్డ్" అనకపోతే మార్కులు కోస్తారు.

లేదు. బార్ కౌన్సిల్ 2006లోనే "యువర్ ఆనర్" లేదా "ఆనరబుల్ కోర్ట్" అంటే చాలని నిబంధన తెచ్చింది. పోటీ నియమాల్లో వేరే చెబితే అది పాటించండి.

అపోహ: పేర్లు ముందే ఖాయం.

పద్ధతిగా నడిచే చోట మెమోరియల్ మీద పేరు, కాలేజీ ఉండవు, టీమ్ కోడ్ మాత్రమే ఉంటుంది. చిన్న కాలేజీలో కోడ్ ఉన్నా ఎవరెవరో ఇట్టే తెలిసిపోతుందన్న మాటా నిజమే. బయటి జడ్జిలు ఉన్నారా, స్కోర్ షీట్ చూపిస్తారా అని ముందే అడగండి, తప్పేం లేదు.

సెలక్ట్ కాకపోయినా మూట్ చేసే అవకాశం పోదు. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం ప్రతి లా విద్యార్థీ కోర్సులో మూడు మూట్లు చేయాలి. ఒక్కోదానికి 10 మార్కులు, రాతకు సగం, వాదనకు సగం. చాలాచోట్ల దీన్ని తూతూమంత్రంగా కానిచ్చేస్తారు. మీ లెక్చరర్‌ని అడిగి ఒక్క మూట్‌కైనా బయటి అడ్వకేట్‌ని బెంచ్ మీద కూర్చోబెట్టించుకోండి. పిలిస్తే చాలామందిమి వస్తాం.