చెరువు నుంచి కాలిబాట దాకా: టీ నగర్ వీధుల వందేళ్ల కథ

పెళ్లి చీరల కోసం, బంగారం కోసం నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి చెన్నై వెళ్లేవాళ్లు తరతరాలుగా చేరేది టీ నగర్‌కే. మాంబళం స్టేషన్‌లో దిగి, రంగనాథన్ వీధిలో భుజం భుజం రాసుకుంటూ నడిచి, ఉస్మాన్ రోడ్డు దాటి, పానగల్ పార్కు మీదుగా పాండీ బజార్ చేరడం ఆ ప్రయాణంలో సగం శ్రమ. ఆ దారిలో చివరి భాగమైన, పాండీ బజార్ అని అందరూ పిలిచే త్యాగరాయ రోడ్డు మీద 2019 నవంబరు 13న అప్పటి ముఖ్యమంత్రి పళనిస్వామి పాదచారుల ప్రాంగణాన్ని ప్రారంభించారు. వాహనాల దారిని కుదించి, రెండువైపులా ఫుట్‌పాత్‌ను పెంచి, బెంచీలు, చెట్లు, పిల్లలు ఆడుకునే చోట్లు పెట్టారు. స్మార్ట్ సిటీ పథకం కింద దాదాపు 40 కోట్ల రూపాయలు ఖర్చయింది. అక్కడిదాకా రావడానికి నగరానికి ఎందుకంత కాలం పట్టిందో, వచ్చాక కూడా పని ఎందుకు పూర్తి కాలేదో తెలియాలంటే మొదట ఇక్కడ ఒక చెరువు ఉండేదన్న సంగతి దగ్గర మొదలుపెట్టాలి.

నుంగంబాక్కం నుంచి సైదాపేట వైపు సాగిన పొడవాటి చెరువు అది. ఇంగ్లిషువాళ్లు లాంగ్ ట్యాంక్ అనేవారు. 1920లో మద్రాసు పట్టణ ప్రణాళిక చట్టం వచ్చింది. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే జస్టిస్ పార్టీ ప్రభుత్వం ఆ చెరువు నేలలోనూ పక్కనున్న మాంబళంలోనూ కొత్త పేట వేయించింది. దానికి త్యాగరాయ నగర్ అని పెట్టారు, అదే టీ నగర్. ఆ పేరు సంగీత త్యాగరాజుది కాదు, జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకరైన తెలుగువాడు పిట్టి త్యాగరాయ చెట్టిది. నడుమనున్న పార్కు పానగల్ రాజాది. ఆయన అసలు పేరు పానగంటి రామరాయణింగారు, శ్రీకాళహస్తి వారు, 1921 నుంచి 1926 వరకు మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రథమ మంత్రి. జీఎన్ చెట్టి రోడ్డులోని గోపతి నారాయణస్వామి చెట్టి కూడా తెలుగువారే. ఎన్టీఆర్ ఇల్లు ఉన్న బజుల్లా రోడ్డు, టీటీడీ ఆలయమున్న వెంకటనారాయణ రోడ్డు ఇక్కడివే. ఇప్పటికీ ఈ వీధుల్లో తెలుగు వినబడటంలో వింత లేదు.

పానగల్ పార్కు నుంచి చక్రపు ఆకుల్లా నలువైపులా విశాలమైన రోడ్లు తీశారు, వాటి పక్కన తోటలున్న ఇళ్ల స్థలాలు వేశారు. ఇది కాపురాల పేట. కార్లు అరుదు కాబట్టి ఇంటి గేటుకూ రోడ్డుకూ మధ్య ఫుట్‌పాత్ ఎంత ఉండాలన్న ప్రశ్నే ఎవరికీ రాలేదు. కానీ 1928లో నల్లి పట్టుచీరల దుకాణం ఇక్కడ మొదలైంది. 1931లో బీచ్–తాంబరం లైను మీద కరెంటు రైళ్లు వచ్చి, మాంబళం ఊరందరికీ అందుబాటులోకి వచ్చింది. స్టేషన్ నుంచి ఉస్మాన్ రోడ్డుకు దగ్గరి దారి రంగనాథన్ వీధి. ఇళ్ల కోసం వేసిన ఆ ఇరుకు వీధి, రైలు దిగిన జనమంతా పోయే దారైపోయింది. జనం పోయే చోట దుకాణం నిలుస్తుంది, దుకాణం ఉన్న చోటికి ఇంకా జనం వస్తారు. ఒకటీ రెండూ అంతస్తుల ఇళ్లు ఆరేడు అంతస్తుల వస్త్రాలయాలయ్యాయి. వదలాల్సిన ఖాళీ జాగాలు గోదాములయ్యాయి, పార్కింగుకు చూపించిన నేలమాళిగలు అమ్మకపు హాళ్లయ్యాయి. ఇంటి ఆవరణలో ఆగాల్సిన బండ్లు రోడ్డెక్కాయి, రోడ్డు పక్కన నడవాల్సిన మనిషి రోడ్డు మధ్యకు జరిగాడు. టీ నగర్ పాదచారుల సమస్యకు మూలం ఇదే. దీన్ని తోపుడు బండ్ల మీదకు నెట్టడం చాలా ఏళ్లు జరిగింది, అది అన్యాయం.

ఆ భవనాల ప్రమాదం ఎంతటిదో రెండు అగ్నిప్రమాదాలు చూపించాయి. 2008 సెప్టెంబరులో రంగనాథన్ వీధిలోని ఒక పెద్ద దుకాణంలో మంటలు లేచి ఇద్దరు ఉద్యోగులు చనిపోయారు. 2017 మే 31న ఉస్మాన్ రోడ్డు మీది బహుళ అంతస్తుల వస్త్ర దుకాణం రోజుకు పైగా కాలింది. చివరికి భవనాన్ని కూల్చేయాల్సి వచ్చింది. ఆ రెంటికీ మధ్య, 2011 చివర్లో, నిబంధనలు మీరిన కొన్ని భవనాలకు అధికారులు సీలు వేశారు. న్యాయస్థానాల అనుమతులతో అవి మళ్లీ తెరుచుకున్నాయి.

ఇన్నేళ్లూ రోడ్ల మీద జరిగిన చికిత్స అంతా బండ్లకే. 2000 తర్వాతి దశాబ్దంలో ఉస్మాన్ రోడ్డు మీద, చుట్టుపక్కల కూడళ్ల మీద ఫ్లైఓవర్లు లేచాయి. ఫ్లైఓవర్ దిగే చోట బండి వేగంగా వస్తుంది, సరిగ్గా అక్కడే దుకాణాల జనం రోడ్డు దాటుతారు. పైగా దాని స్తంభాలకూ ర్యాంపులకూ కావాల్సిన నేలను పక్కల నుంచే కోస్తారు కాబట్టి, కింద ఫుట్‌పాత్ మనిషి పట్టనంతగా సన్నబడుతుంది.

వీధి వ్యాపారుల సంగతికి వస్తే, 1989లో సోదాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వీధిలో సరుకు అమ్ముకోవడం కూడా రాజ్యాంగం కాపాడే వృత్తి హక్కేనని, దాన్ని నియంత్రించవచ్చని చెప్పింది. పాండీ బజార్ ఫుట్‌పాత్ మీది వ్యాపారులను, ఏళ్ల తరబడి కోర్టు వ్యాజ్యాల తర్వాత, 2013లో అదే రోడ్డు మీది ఒక భవన సముదాయంలోకి మార్చారు. మరుసటి ఏడాది వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. సర్వే చేయకుండా ఎవరినీ లేపకూడదని, పట్టణ విక్రయ కమిటీలో 40 శాతం మంది వ్యాపారులే ఉండాలని ఆ చట్టం అంటుంది. రోడ్డున పోయేవాడి చేతికందే సరుకు అంతస్తు ఎక్కితే కొనేవాడు తగ్గుతాడు. అందుకే ఏ ఊళ్లోనైనా ఇలా మార్చినవాళ్లలో కొందరు తిరిగి వీధికి వస్తారు. ఫుట్‌పాత్‌ను వెడల్పుగా కట్టేటప్పుడే అంచు వెంట రెండు మీటర్ల లోపు పట్టీ వాళ్లకు కేటాయిస్తే, నడిచేవాళ్లకు చోటు మిగులుతుంది, పొద్దుపోయాక వీధికి వెలుగూ మనుషుల కళ్లూ మిగులుతాయి.

2014లో చెన్నై కార్పొరేషన్ ఒక విధానం ఆమోదించింది. రవాణా బడ్జెట్‌లో కనీసం 60 శాతం నడకకూ సైకిలుకూ పెట్టాలన్నది అందులోని మాట. అలాంటి విధానం దేశంలో ముందుగా రాసుకున్న పెద్ద నగరం చెన్నైయే. 2016 జనవరిలో స్మార్ట్ సిటీల మొదటి జాబితాలో చెన్నై చేరింది, టీ నగర్‌ను నమూనా ప్రాంతంగా ఎంచుకున్నారు. పాండీ బజార్‌లో బండ్లను ఆపి, తాత్కాలిక అడ్డుకట్టలతో జనాన్ని నడిపించి ప్రయోగాలు చేశాక నిర్మాణానికి దిగారు. ఈ వరుస చాలా ముఖ్యం. బండ్లు రాకపోతే బేరాలు పోతాయన్న దుకాణదారుల భయం కాగితం మీది బొమ్మతో పోదు, ఒక వారాంతం గల్లాపెట్టె చూసుకుంటేనే పోతుంది.

ఇక కొలతలు. దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నాటి పాదచారుల మార్గదర్శకాల్లో ఫుట్‌పాత్‌ను మూడు పట్టీలుగా చూడమంటారు. దుకాణం ముఖానికి ఆనుకుని, అద్దంలో బొమ్మలు చూసేవాళ్లు నిలబడటానికి అర మీటరు నుంచి మీటరు. నడుమ ఏ అడ్డూ లేని నడక పట్టీ, ఎక్కడైనా 1.8 మీటర్లకు తగ్గకూడదు, వాణిజ్య వీధుల్లో ఇంకా ఎక్కువ. రోడ్డు అంచున స్తంభాలు, చెట్లు, బెంచీలు, బస్ స్టాపులు. ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. మన ఊళ్లలో అడుగు, అడుగున్నర ఎత్తు పెంచి బండ్లు ఎక్కకుండా ఆపామనుకుంటారు. కానీ మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దావిడ గేటు గేటుకూ అంత దిగి అంత ఎక్కలేదు కాబట్టి రోడ్డు మీదే నడుస్తుంది. గేటు వచ్చిన చోట ఫుట్‌పాత్ మట్టం మారకుండా సాగాలి, కారే చిన్న ర్యాంపు ఎక్కి లోపలికి పోవాలి. చక్రాల కుర్చీకి 12 వంతుల పొడవుకు ఒక వంతు ఎత్తు లెక్కన, 150 మిల్లీమీటర్లకు 1.8 మీటర్ల ర్యాంపు కావాలి. సన్నని ఫుట్‌పాత్ మీద ఆ ర్యాంపే మొత్తం వెడల్పు తినేస్తుంది. వెడల్పు చాలని చోట ఫుట్‌పాత్‌నే వాలుగా దించాలి, లేదా క్రాసింగ్‌నే ఫుట్‌పాత్ ఎత్తుకు లేపాలి. రెండోదానికి ఇంకో లాభం ఉంది, బండి తప్పనిసరిగా నెమ్మదిస్తుంది.

రోడ్డు కుదించడంలోని ప్రాణం కాపాడే గుణం క్రాసింగ్ దగ్గర తెలుస్తుంది. 18 మీటర్ల రోడ్డు దాటడానికి సెకనుకు 1.2 మీటర్ల లెక్కన 15 సెకన్లు కావాలి, 0.9 మీటర్ల వేగంతో నడిచే వృద్ధులకు 20. అదే రోడ్డును చెరోవైపు ఆరున్నర మీటర్లకు కుదించి, మధ్యలో నిలబడే చోటిస్తే ఒక్కో విడతకు ఆరేడు సెకన్లు చాలు, ఒకసారికి ఒకవైపే చూసుకోవాలి. కూడలి మూలలను గుండ్రంగా విశాలంగా కోస్తే ఎడమకు తిరిగే బండి వేగం తగ్గించదు. ఆ మూలను బిగిస్తే తగ్గించక తప్పదు. గంటకు 50 కిలోమీటర్ల నుంచి 65కి వేగం పెరిగితే కారు గుద్దిన పాదచారి చనిపోయే ముప్పు నాలుగున్నర రెట్లవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లు.

వెడల్పైన ఫుట్‌పాత్‌కు తనదైన చిక్కు ఒకటుంది, నీళ్లు. నీరు నిలవకుండా ఉండటానికి నూటికి రెండు వంతుల వాలు ఇస్తారు. పది మీటర్ల వెడల్పుకు అది 200 మిల్లీమీటర్ల తేడా, అంటే ఫుట్‌పాత్ ఎత్తుకంటే ఎక్కువ. అలా పూర్తిగా రోడ్డు వైపు వాలిస్తే దుకాణం గడప దగ్గర మెట్టు వస్తుంది, వాలు తగ్గిస్తే గడపలోకి నీళ్లు వస్తాయి. అందుకని మధ్యలో జాలీ మూతల కాలువ ఒకటి నడపాలి, దాని పూడికను వానలకు ముందే తీయించాలి. చెరువు నేల మీద, మాంబళం కాలువ పక్కన ఉన్న పేటకు ఇది చిన్న విషయం కాదు. 2021 నవంబరు వానలకు టీ నగర్ వీధులు నీట మునిగి, స్మార్ట్ సిటీ పనుల మీద గట్టి విమర్శలే వచ్చాయి. నున్నగా మెరిసే గ్రానైట్ వానలో జారుతుంది, గరుకు ముఖం రాయే వేయాలి. ఇసుక మీద పరిచే పలకలైతే అంచున కాంక్రీటు కట్టు లేకపోతే ఏడాదిలో విడిపోయి కుంగుతాయి. కేబుళ్లకు ముందే గొట్టాలు వేయకపోతే ఎవరో ఒకరు మళ్లీ తవ్వుతారు. బెంగళూరులో టెండర్‌షూర్ అనే పథకం కింద తిరిగి కట్టిన రోడ్లు నిలబడటానికి కారణం ఆ గొట్టాలే.

ప్రారంభమయ్యాక పాండీ బజార్‌లో కనబడిన లోపం కొత్తదేమీ కాదు, ఫుట్‌పాత్ ఎక్కే స్కూటర్లు. ఫుట్‌పాత్ అంచున పాతే పొట్టి ఇనుప స్తంభాలు, అంటే బొల్లార్డులు, వాటిని ఆపలేవు. చక్రాల కుర్చీ పట్టాలంటే సందు కనీసం 90 సెంటీమీటర్లు ఉండాలి, అంత సందులో స్కూటర్ దూరుతుంది. దగ్గరగా పాతితే స్కూటర్ మరో చోట ఎక్కుతుంది, కుర్చీ మనిషే ఆగిపోతాడు. దీనికి మందు కాపలా, జరిమానా, పక్కనే బండి పెట్టుకునే చోటు. అందుకే త్యాగరాయ రోడ్డు మీద బహుళ అంతస్తుల పార్కింగ్ భవనం కట్టారు. కానీ రోడ్డు మీద పార్కింగ్ భవనంలోకంటే చవకగా ఉన్నన్నాళ్లు ఆ అంతస్తులు నిండవు. ధరలు తారుమారు చేయాలి, గడప దగ్గర నిలిపే బండికే ఎక్కువ కట్టించాలి. ఇది నిర్మాణానికి మించిన కష్టం, ఎందుకంటే రిబ్బన్ కత్తిరించాక ప్రతి రోజూ చేయాల్సిన పని.

2023 మేలో మాంబళం స్టేషన్ నుంచి టీ నగర్ బస్టాండుకు 570 మీటర్ల ఆకాశ వంతెన తెరిచారు. 4.2 మీటర్ల వెడల్పు, ఖర్చు 28.45 కోట్లు. రైలు నుంచి బస్సుకు పోయేవాళ్లకు మేలే చేసింది. కొనుగోళ్లకు వచ్చినవాళ్లు మాత్రం కింది వీధిలోనే ఉంటారు, కాబట్టి వంతెన ఉందని కింది క్రాసింగులు మూసేయకూడదు. విజయవాడ బీసెంట్ రోడ్డుకైనా, హైదరాబాద్ సుల్తాన్ బజార్‌కైనా ఇదే లెక్క. 2025 మేలో సుప్రీంకోర్టు అడ్డులేని ఫుట్‌పాత్‌ను జీవించే హక్కులో భాగమని చెప్పింది కాబట్టి ఇక ఇది కార్పొరేషన్ల దయ మీద ఆధారపడిన సదుపాయం కాదు.

ఇప్పుడు పానగల్ పార్కు కింద రెండో దశ మెట్రో వస్తోంది, లైట్‌హౌస్ నుంచి పూనమల్లి లైనులో. స్టేషన్ తెరిచిన రోజు నుంచి ఒక్కో రైలు వందల మందిని ఒకేసారి పైకి పంపుతుంది. మెట్లు పైకి వచ్చే చోట లిఫ్టు గది, గాలి గొట్టాల గది, ఆటోల వరుస అన్నీ ఫుట్‌పాత్ మీదే చోటు అడుగుతాయి. మెట్రో తవ్వకాల కోసం మూసిన రోడ్లను తిరిగి పరిచేటప్పుడు వాహనాల దారి పాత వెడల్పుకు తిరిగి వెళ్తుందా, పాండీ బజార్ కొలతకు వస్తుందా అన్నది ఆ పునరుద్ధరణ నక్షా మీదే తేలుతుంది. ఆ నక్షాను కాంక్రీటు పడకముందే జనం ముందు పెట్టాలి.