గవదల టీకా కార్డులోకి ఎందుకు ఎక్కలేదు?

గవదబిళ్లల సంగతి కర్నూలు జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. మెడలో బంగారు గొలుసు వేస్తే వాపు దిగుతుందని నమ్మే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కాబట్టి ఆ పాత కథ వదిలేద్దాం. హాస్టళ్లలో గవదలు లేచినప్పుడల్లా, చెంపలు ఉబ్బిన మగపిల్లల్ని ఇంటికి పంపినప్పుడల్లా, రెండు మాటలు మళ్లీ పైకొస్తాయి. ‘మావోనికి రేపు పిల్లోళ్లు పుడతారా సార్?’ అనేది ఒకటి. ‘టీకాలన్నీ ఏయించినాం కదా, కార్డు సూడండి’ అనేది రెండోది.

కార్డు చూస్తే వాళ్లన్నది నిజమే. టీకాలన్నీ వేయించారు. అందులో గవదలకు మాత్రం టీకా లేదు.

దీనికి మూలం 2017లో ఉంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో తమిళనాడు, కర్ణాటకలతో మొదలైన ఎంఆర్ టీకా కార్యక్రమం ఆగస్టులో మన రాష్ట్రానికి వచ్చింది. తొమ్మిది నెలలు నిండిన బిడ్డ నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లల దాకా బడుల్లో, అంగన్‌వాడీల్లో సూది వేశారు. ఎంఆర్ అంటే తట్టు, రుబెల్లా (తట్టులాంటి మరో జబ్బు). గవదలను కూడా కలిపిన ఎంఎంఆర్ మన దేశంలోనే తయారవుతోంది. ఢిల్లీ ప్రభుత్వం 1999 నుంచే దాన్ని పిల్లలకు ఇచ్చింది. సూది ఎలాగూ దిగుతోంది, అదే సూదిలో మూడోదీ ఉండాల్సిందని పిల్లల డాక్టర్లు అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు.

విచిత్రమేమిటంటే, అదే ఏడాది ఎంఆర్ సూది మీద కొన్ని రాష్ట్రాల్లో వాట్సాప్ పుకార్లు లేచాయి. పిల్లలు పుట్టకుండా చేసే మందు ఇస్తున్నారన్నది అందులో ఒకటి. మగపిల్లల బీజాలకు (వృషణాలకు) నిజంగా ముప్పు తెచ్చే గవదల వైరస్‌ను అడ్డుకునే భాగమే ఆ సూదిలో లేదు. దాని గురించి మాత్రం ఒక్క మెసేజీ తిరగలేదు.

కేంద్రం వాదనా ఉంది. గవదలు తట్టులా ప్రాణం తీసే జబ్బు కాదు, దేశమంతటి లెక్కలూ సరిగా లేవు. మన ఎంఎంఆర్‌లో వాడే లెనిన్‌గ్రాడ్-జాగ్రెబ్ అనే రకం గవదల టీకాను 1997లో బ్రెజిల్‌లో ఒకేసారి ఊళ్లకు ఊళ్లు వేసినప్పుడు కొందరికి మెదడు పొరల వాపు వచ్చింది.

కానీ పెద్ద జబ్బు కాదన్న మాట చిన్నపిల్లలను చూసి చెప్పింది. ఈడొచ్చాక సోకితే కథ మారుతుంది. టీకా లేని యువకుల్లో నూటికి 30 మంది వరకు బీజాలు వాస్తాయి. సాధారణంగా చెంపలు ఉబ్బిన వారం పది రోజుల్లో ఇది మొదలవుతుంది. బీజం చుట్టూ ఉండే పొర గట్టిది, సాగదు. లోపల వాపు పెరిగేకొద్దీ వీర్యకణాలు తయారయ్యే సన్నటి గొట్టాలు నలిగిపోతాయి. వాచినవాటిలో దాదాపు సగం తర్వాత ఎంతో కొంత కుంచించుకుపోతాయి. ఎక్కువమందిలో ఒక వైపే వాస్తుంది, రెండోది పని చేస్తూనే ఉంటుంది కాబట్టి సంతానం అసలే లేకపోవడం అరుదు. వీర్యకణాల సంఖ్య మాత్రం నెలల తరబడి పడిపోతుంది. దోమలు మోసే జికా వైరస్ వీర్యంలో నెలలు నిలిచి ఉంటుందని 2016లో ఊరూవాడా మాట్లాడుకున్నారు. బీజాలు వాచిన రోగి వీర్యంలో గవదల వైరస్ ఆనవాళ్లు కూడా దొరికాయి. దాన్నెవరూ పట్టించుకోలేదు.

ఇక అసలు చిక్కు. డబ్బున్నవాళ్లు ప్రైవేటులో ఎంఎంఆర్ వేయిస్తారు, మిగతావాళ్ల పిల్లలకు ఎంఆరే. ఇలా సగం సగం టీకా పడితే వైరస్ తిరగడం ఆగదు, నెమ్మదిస్తుంది. చిన్నప్పుడు తప్పించుకున్న పిల్లవాడికి అది పదహారేళ్లకో పద్దెనిమిదేళ్లకో తగులుతుంది. బీజాలు వాచే వయసూ అదే. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే, గవదల టీకా పెట్టదలిస్తే నూటికి 80 మందికి పైగా అందేలా పెట్టమంది. ఆలూరు, కోసిగి వైపు నుంచి మిరపకోతలకు గుంటూరు పోయే కుటుంబాల్లో పిల్లవాణ్ని ప్రైవేటు డాక్టరు దగ్గరికి మూడుసార్లు తిప్పేదెవరు?

మూడుసార్లంటే తొమ్మిదో నెల, పదిహేనో నెల, నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య. పిల్లల డాక్టర్ల సంఘం పట్టిక అది. సర్కారు కార్డులో తొమ్మిదో నెలన ఎంఆర్, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య మళ్లీ ఎంఆర్. అక్కడితో సరి.