షాపింగ్ వ్యసనానికి భక్తి మందవుతుందా?

పార్సిల్ వచ్చింది. విప్పకుండానే బీరువా అడుగుకు చేరింది. అక్కడ అలాంటివి ఇంకా ఉన్నాయి, కొన్నింటికి ధర చీటీలు కూడా తియ్యలేదు. షాపింగ్ వ్యసనంలో పడ్డవాళ్ల ఇళ్లలో ఇది మామూలే. వాడుకోవాలని కొంటే ఎప్పుడో విప్పేవాళ్లు. కొనబోయే ముందు వచ్చే ఆ ఊపే వాళ్లను లాగుతుంది.

మెదడు పనిచేసే తీరు చూస్తే ఇందులో వింతేం లేదు. నాడీ శాస్త్రవేత్త వోల్ఫ్రమ్ షుల్ట్జ్ కోతుల మీద చేసిన ప్రయోగాల్లో, పళ్లరసం నోట్లో పడ్డప్పుడు చురుగ్గా స్పందించిన డోపమైన్ కణాలు (ఇష్టమైనది దొరకబోతోందని సూచించే రసాయనాన్ని వదిలే మెదడు కణాలు), అలవాటయ్యాక రసం రాబోతోందని చెప్పే సంకేతానికే స్పందించడం మొదలుపెట్టాయి. తీరా రసం వచ్చేసరికి వాటిలో హడావుడి లేదు. ఆఫర్ మెసేజ్ చూడగానే మనసు ఉరకలెయ్యడం, వస్తువు చేతికొచ్చేసరికి చల్లబడిపోవడం ఈ కోవలోవే. ఆ చల్లబడ్డ మనసులోకి అప్పుల టెన్షన్, సిగ్గు వచ్చి చేరతాయి. వాటిని మరిచిపోవడానికి మళ్లీ ఏదో ఒకటి కొంటారు. వేర్వేరు దేశాల సర్వేలను కలిపి చూసిన 2016 నాటి విశ్లేషణ ప్రకారం పెద్దవాళ్లలో దాదాపు 5 శాతం మందికి ఈ సమస్య ఉంది. తక్కువేం కాదు.

2008లో సింథియా క్రైడర్ బృందం చేసిన ప్రయోగం నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. విషాదమైన వీడియో చూసినవాళ్లు, ఒక మామూలు నీళ్ల సీసాకు మిగతావాళ్ల కన్నా బాగా ఎక్కువ డబ్బు ఇవ్వడానికి సిద్ధపడ్డారు. అయితే, ఎవరి ఆలోచనలు తమ చుట్టూనే తిరుగుతున్నాయో వాళ్లలోనే ఈ ప్రభావం బలంగా కనిపించింది. దిగులొక్కటే చాలదు, దానికి ‘నేను’ అనే ధ్యాస తోడవ్వాలి.

ఆధ్యాత్మికత పనిచేస్తే ఇక్కడే పనిచేస్తుందని నా నమ్మకం. ప్రార్థనైనా, ధ్యానమైనా, సేవైనా మనసును కాసేపు తన గోల నుంచి బయటికి తీసుకొస్తుంది. పరిశోధనలూ కొంత ఇటే మొగ్గుతున్నాయి. 2011లో రాన్ షాచార్ తదితరులు గమనించినదేమిటంటే, మతనిష్ఠ ఉన్నవాళ్లకు బ్రాండ్ల మీద మోజు తక్కువ. అదీ ‘నేనెవరో’ నలుగురికీ చాటే వస్తువుల విషయంలోనే. కేవలం పనికోసం కొనేవాటి విషయంలో ఆ తేడా లేదు. 2018లో డిడెమ్ కర్ట్ బృందం అమెరికాలో మతనిష్ఠ ఎక్కువున్న ప్రాంతాల జనం కిరాణా సరుకుల మీద తక్కువ ఖర్చు పెడుతున్నారని చూపించింది.

ఇవి మామూలు కొనుగోలుదారుల గురించిన ఫలితాలు. వ్యసనంలో ఉన్న మనిషిని ‘కాస్త భక్తి పెంచుకో’ అని పంపెయ్యడానికి ఇవి సరిపోవు. పైగా భక్తి అందరిలో ఒకేలా ఉండదు. మతాన్ని ఆచరించి బతికేవాళ్లనూ, పరపతి కోసమో ఊరట కోసమో మతాన్ని వాడుకునేవాళ్లనూ మనస్తత్వ శాస్త్రవేత్తలు గార్డన్ ఆల్‌పోర్ట్, మైకేల్ రాస్ 1967లోనే విడదీసి చూపించారు. రెండో రకంలో ఆధ్యాత్మికత కూడా కొనుక్కునే సరుకైపోతుంది: ఒక కోర్సు, ఆ తర్వాత ఇంకో కోర్సు, కొత్త జపమాల.

అంతకన్నా నన్ను బాధపెట్టేది, మతం పేరుతో మోపే నింద. ‘ఇంత ఆశేమిటి, పాపం కదా’ అన్న మాట ఆ మనిషిని మరింత దిగులులోకి, మరింతగా తన గురించిన ఆలోచనల్లోకే నెడుతుంది. క్రైడర్ ప్రయోగంలో చేతిని డబ్బు వైపు నడిపించిన జోడీ సరిగ్గా అదే. మంచి మనసుతో చెప్పినా ఫలితం మారదు. ఇంట్లోవాళ్లూ, గురువులూ ఈ ఒక్క విషయం పట్టించుకుంటే బాగుండును.

నింద లేకుండా ఆధ్యాత్మికతను వాడుకున్న ప్రయత్నాలూ ఉన్నాయి. 1976లో అమెరికాలో మొదలైన డెటర్స్ అనానిమస్ (అప్పుల్లో కూరుకుపోయినవాళ్లు ఒకరికొకరు తోడుండే) బృందాలు మద్యం మానిపించే సంఘాల పన్నెండు మెట్ల పద్ధతినే అప్పులకు అన్వయించుకున్నాయి. తనకన్నా పెద్దదైన శక్తిని నమ్మడం అందులో ఒక మెట్టు, ఆ శక్తి ఎవరన్నది ఎవరికి వాళ్లే నిర్ణయించుకుంటారు. చేసిన ప్రతి ఖర్చూ రాసుకుంటారు, దాచిపెట్టిన అప్పు సంగతి నలుగురి ముందు చెప్పుకుంటారు. మానసిక వైద్యులు గుంపుగా కూర్చోబెట్టి చేసే ప్రవర్తనా చికిత్సలోనూ కొనాలనిపించిన వేళలను గమనించి రాసుకోవడం ఉంటుంది. ఈ వ్యసనం వెనక డిప్రెషన్ చాలామందిలో ఉంటుంది కాబట్టి, ప్రార్థన చేసుకునేవాళ్లు కూడా డాక్టర్‌ను కలవాల్సిందే.