రూల్ బుక్‌ని కంప్యూటర్‌లోకి దించడం: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

నేనేం ఉద్యోగం చేస్తానో మా ఇంట్లోవాళ్లకి ఇప్పటికీ సరిగ్గా తెలీదు. హైదరాబాద్‌లో ఒక చిన్న గేమ్ స్టూడియోలో సిస్టమ్స్ డిజైనర్‌ని. కత్తి దెబ్బ ఎంత గట్టిగా తగలాలి, ఎన్నిసార్లు తప్పాలి, ఒక రాత్రి పడుకుంటే ఎంత ప్రాణం తిరిగి రావాలి, ఇలాంటివి లెక్కగట్టడం నా పని. ఆదివారం మధ్యాహ్నం మాత్రం నలుగురు ఫ్రెండ్స్‌కి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) ఆడిస్తాను, అంటే టేబుల్ చుట్టూ కూర్చుని డైస్ వేస్తూ పాత్రలుగా కథ నడిపే ఆట. కథ నడిపే డంజియన్ మాస్టర్‌ని అన్నమాట, పొట్టిగా డీఎం.

ఈ రెండూ చేస్తానని తెలిసినవాళ్లు అడిగేది ఒకటే. టేబుల్ మీద ఆడే ఆటని వీడియో గేమ్‌గా తీస్తే రూల్స్ ఉన్నవి ఉన్నట్టు ఉంచాలా, మార్చాలా? దీని మీద నాకు ఎక్కువగా వినబడే మాటలు ఇవి.

అపోహ: పుస్తకంలో ఉన్నది పొల్లుపోకుండా దించితే చాలు, ఆట అదే వచ్చేస్తుంది.

నిద్ర రూల్ తీసుకోండి. డీ అండ్ డీ ఐదో ఎడిషన్‌లో ఎనిమిది గంటల లాంగ్ రెస్ట్ తీసుకుంటే ప్రాణం మొత్తం తిరిగొస్తుంది, వాడేసిన మంత్రాలూ తిరిగొస్తాయి. 2014లో వచ్చిన డంజియన్ మాస్టర్స్ గైడ్ అంచనా ప్రకారం ఒక పార్టీ, అంటే కలిసి తిరిగే ఆటగాళ్ల పాత్రల గుంపు, రోజుకి ఆరు నుంచి ఎనిమిది ఓ మోస్తరు పోరాటాల దాకా తట్టుకుంటుంది. మాంత్రికుడికి రోజుకి ఎన్ని మంత్రాలు ఇవ్వాలన్న లెక్క ఈ అంచనా మీదే నిలబడింది. మరి మొదటి పోరాటం అవగానే ఆటగాళ్లు చేతులెత్తేసి పడుకుంటామంటే? 24 గంటల్లో ఒక్క లాంగ్ రెస్టే అని పుస్తకం అంటుంది. అయితే మిగిలిన రోజంతా గుహ బయటే కూర్చుంటాం అంటే ఆపే రూల్ లేదు.

ఆపేది నేను. పోయిన నెల మావాళ్లు సరిగ్గా ఇదే చేయబోయారు. "సరే, పడుకోండి. మీరు లేచేసరికి మీరు కాపాడాల్సిన కమ్మరివాళ్ల అమ్మాయిని పడవెక్కించేసి ఉంటారు" అన్నాను. తిట్టుకుంటూ లేచారు. ఆ ఒక్క మాటతో మంత్రాలకి మళ్లీ విలువొచ్చింది. అది ఏ పేజీలోనూ లేదు.

కంప్యూటర్‌కి ఆ మాట అనడం రాదు. డీ అండ్ డీ రూల్స్ మీద తీసిన 1998 నాటి వీడియో గేమ్ బాల్డర్స్ గేట్‌లో పడుకుంటే మధ్యలో రాక్షసులు మీద పడే ప్రమాదం పెట్టారు. జనం పడుకునే ముందు సేవ్ చేసుకుని, మీద పడితే లోడ్ చేసుకున్నారు. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3లో పూర్తి విశ్రాంతికి మామూలుగా 40 యూనిట్ల తిండి ఖర్చవుతుంది. కానీ దారి పొడుగునా బస్తాల కొద్దీ తిండి దొరుకుతుంటే అదేం అడ్డు? ఇంకో తమాషా ఏంటంటే, అందులో కథకి సంబంధించిన కొన్ని సీన్లు క్యాంప్‌లో పడుకుంటేనే వస్తాయి. మంత్రాలు దాచుకుంటూ నిద్ర మానేసి ఆడిన నాలాంటి పిసినారులు ఆ సీన్లు పోగొట్టుకున్నారు.

రూల్ అలాగే ఉంది, దాన్ని కాపలా కాసే మనిషి లేడు. అందుకే నేను ఏ రూల్ దించే ముందైనా ఒక ప్రశ్న వేసుకుంటాను: టేబుల్ దగ్గర ఇది చెడిపోకుండా చూసేది ఎవరు, గేమ్‌లో ఆ పని ఎవరికి అప్పజెప్పాలి?

అపోహ: లెక్కలన్నీ కంప్యూటరే చేస్తుంది కదా, రూల్ ఎంత చిక్కుగా ఉన్నా ఫర్వాలేదు.

కూడికలు మన చేత్తో చేస్తే రూల్ ఒంటబడుతుంది. డీ అండ్ డీ లాంటి మరో టేబుల్ ఆట పాత్‌ఫైండర్ మొదటి ఎడిషన్‌లో బోనస్‌లు రకరకాలు, చాలావాటిలో ఒకే రకానివి రెండుంటే పెద్దదే లెక్కలోకి వస్తుంది. పెన్సిల్‌తో నాలుగుసార్లు కొట్టేసి రాసుకున్నవాడు దాన్ని మర్చిపోడు. 2018లో దాని మీద వచ్చిన వీడియో గేమ్ పాత్‌ఫైండర్: కింగ్‌మేకర్ ఆ చిక్కుముడినంతా తెర వెనక నడిపింది. టేబుల్ అనుభవం లేనివాడికి కనబడింది ఒకటే: నా దెబ్బ తగలడం లేదు, ఎందుకో తెలీడం లేదు.

దానికంటే పెద్ద తలనొప్పి రియాక్షన్లు, అంటే ఎదుటివాడి వంతు మధ్యలో మనం అడ్డుపడి చేసే పనులు. టేబుల్ దగ్గర నేను "17, తగిలిందా?" అంటాను. "ఆగాగు, షీల్డ్ వేస్తా" అంటాడు మాంత్రికుడు, దెబ్బని ఆపే మంత్రం అది. రెండు క్షణాల పని, పైగా అందరికీ భలే సరదా. మా గేమ్ మొదటి బిల్డ్‌లో (ఆడి చూసుకునే వెర్షన్‌లో) దీన్ని ఉన్నదున్నట్టు పెట్టాం. ఎనిమిది మంది గోబ్లిన్లు వరసగా బాణాలు వేస్తుంటే ప్రతి బాణానికీ ఆట ఆగిపోయి "షీల్డ్ వేస్తారా?" అని బాక్స్ వస్తుంది. ఐదో బాక్స్ దగ్గరికి వచ్చేసరికి మా ఆర్టిస్ట్ చదవకుండానే "వద్దు" నొక్కుతున్నాడు. మేం ఒక్క అక్షరం మార్చలేదు, ఆ సరదా మాత్రం చచ్చిపోయింది. ఏ రియాక్షన్‌కి అడగాలి, ఏది తనంతట తానే జరిగిపోవాలి అన్నది ఆటగాడినే ముందుగా పెట్టుకోనివ్వడం బాల్డర్స్ గేట్ 3 చేసిన మంచి పని. మేమూ చివరికి అక్కడికే చేరాం.

అపోహ: డైస్ నిజాయితీగా పడితే ఎవరికీ పేచీ ఉండదు.

మా టెస్టింగ్ తమ్ముడు ఒకరోజు నా డెస్క్ దగ్గరికొచ్చి, "అన్నా, తగిలే ఛాన్స్ 80 శాతం చూపిస్తోంది, మూడుసార్లు వరసగా మిస్సయింది. బగ్ రాస్తున్నా" అన్నాడు. లాగ్ తీసి చూశాం. దాడికి వేసే డైస్‌లోని 20 ముఖాలూ దాదాపు సమానంగానే పడుతున్నాయి. 80 శాతం దెబ్బ వరసగా మూడుసార్లు తప్పే అవకాశం 0.8 శాతం, అంటే 125లో ఒకటి. టేబుల్ దగ్గర ఒక పూటకి మనిషి పది పదిహేను దాడులు చేస్తే గొప్ప, కాబట్టి అది అరుదుగా ఎదురవుతుంది. గేమ్‌లో 400 దాడులు ఇట్టే అయిపోతాయి, వాటిలో సగటున రెండు మూడుసార్లు ఎదురవుతుంది. అదే డైస్, అదే లెక్క, కానీ ఆటగాడి కడుపుమంట వేరు.

బాల్డర్స్ గేట్ 3లో ఇందుకే కర్మిక్ డైస్ అని ఒక సెట్టింగ్ ఉంది. వరసగా ఓటములు గానీ గెలుపులు గానీ రాకుండా చూస్తుంది. మనం ఆపేస్తే తప్ప అది ఆన్‌లోనే ఉంటుంది. నేను ఆపేసి ఆడతాను, అది నా మొండితనం.

అసలు సమస్య మిస్ తర్వాత ఏం జరుగుతుందన్నది. టేబుల్ దగ్గర డైస్ మీద ఒకటి పడితే అందరూ నవ్వుతారు, నేను ఆ నవ్వులోంచి ఓ సంఘటన అల్లుతాను. గేమ్‌లో తల మీద "మిస్" అని తేలి మాయమవుతుంది. సంభాషణలో ఫెయిలైతే వేలు నేరుగా లోడ్ బటన్ మీదకి పోతుంది. 2019లో వచ్చిన డిస్కో ఎలీసియం గేమ్ నాకు ఇక్కడే నచ్చింది. రెండు ఆరు ముఖాల డైస్, రెండు ఆర్లు పడితే ఎప్పుడూ పాస్, రెండు ఒకట్లు పడితే ఎప్పుడూ ఫెయిల్. ఫెయిలైన చోట్ల చాలావాటికి మంచి సీన్లు రాశారు, కొన్నయితే గెలిచినదానికంటే బాగుంటాయి. అక్కడ లోడ్ కొట్టబుద్ధి కాదు.

అపోహ: లేరియన్‌ వాళ్లు (బాల్డర్స్ గేట్ 3 తీసిన స్టూడియో) రూల్స్ మార్చేశారు, కాబట్టి అది అసలైన డీ అండ్ డీ కాదు.

అష్టాచెమ్మాలో ఎదుటివాడి కాయని ఒక్కటైనా చంపితేగానీ లోపలి గళ్లలోకి పోకూడదని మా అమ్మమ్మగారింట్లో రూల్. నానమ్మవాళ్లింట్లో ఆ పట్టింపు లేదు. రెండిళ్లలోనూ ఆడేది అష్టాచెమ్మానే.

మార్పులు మాత్రం ఒక్కోటీ విడిగా చూడాలి. 2014 పుస్తకంలో మందు సీసా తాగితే యాక్షన్, అంటే ఆ వంతులో చేసుకునే ముఖ్యమైన పని, మొత్తం పోయేది. లేరియన్ దాన్ని బోనస్ యాక్షన్, అంటే దాంతోపాటే చేసుకోగల చిన్న పని, చేసింది. 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ కూడా అదే చేసింది, అప్పటికే చాలా టేబుళ్ల దగ్గర ఇలాగే ఆడేవాళ్లం. ఎదుటివాణ్ని తోసెయ్యడం పుస్తకంలో ఒక దాడి ఖరీదు. గేమ్‌లో అదీ బోనస్ యాక్షనే. కొండ అంచులు కళ్లముందు కనబడే ఆటలో అది సరైన నిర్ణయమే అంటాను.

వేగం పెంచే హేస్ట్ మంత్రం దగ్గర దెబ్బతిన్నారు. అది ఇచ్చే అదనపు యాక్షన్‌తో దాడి చేస్తే ఒక్క ఆయుధపు దాడే చేయాలని పుస్తకం గిరిగీసింది. గేమ్ పూర్తి యాక్షన్ ఇచ్చేసింది. ఐదో లెవెల్ ఫైటర్ మూడుసార్లు కొట్టాల్సినచోట నాలుగుసార్లు, పదకొండో లెవెల్‌లో నాలుగుకి బదులు ఆరుసార్లు కొడతాడు. 2023 నవంబర్ చివర్లో వచ్చిన ఆనర్ మోడ్‌లో (అన్నిటికంటే కష్టమైన మోడ్‌లో) మళ్లీ ఒక్క దాడికే కట్టేశారు. అంటే తిరిగి పుస్తకం దగ్గరికే.

నాకు అస్సలు మింగుడుపడనిది ఇంకోటి. నైపుణ్యం పరీక్షల్లో కూడా ఒకటి పడితే ఫెయిలే అనడం. పుస్తకంలో అలా తప్పనిసరిగా తప్పేది దాడే. పదేళ్లుగా తాళాలు తీస్తున్న దొంగ ఇరవైసార్లలో ఒకసారి చెక్కపెట్టె దగ్గర కూడా చతికిలబడాలా?

అపోహ: ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా ఆడే టర్న్ బేస్డ్ గేమ్ అయితేనే పుస్తకానికి నమ్మకంగా ఉన్నట్టు.

పాత బాల్డర్స్ గేట్ వంతుల కోసం ఆగకుండా నడుస్తూనే ఉండే ఆట, కానీ లోపల రౌండ్లు తిరుగుతూనే ఉంటాయి. దానికి ఆధారమైన డీ అండ్ డీ రెండో ఎడిషన్ పుస్తకంలో రౌండ్ అంటే ఒక నిమిషం, గేమ్‌లో ఆరు సెకన్లు. మరోవైపు 2003లో ట్రోయికా స్టూడియో తీసిన టెంపుల్ ఆఫ్ ఎలిమెంటల్ ఈవిల్ గేమ్ డీ అండ్ డీ 3.5 ఎడిషన్‌ని టర్న్ తర్వాత టర్న్ చొప్పున ఎంతో శ్రద్ధగా దించింది. పోరాటాల్ని నేటికీ మెచ్చుకుంటారు. కథ గురించి, విడుదల నాటి బగ్స్ గురించి మాత్రం ఎవరూ మంచి మాట చెప్పరు.

అపోహ: రూల్స్ వాడుకునే లైసెన్స్ పోతే ఆట పోయినట్టే.

1997 నాటి వీడియో గేమ్ ఫాల్అవుట్ మొదలైంది స్టీవ్ జాక్సన్ గేమ్స్ వారి గర్ప్స్ అనే టేబుల్ ఆట రూల్స్ మీద. మధ్యలో ఆ ఒప్పందం చెడింది, టీమ్ ఏడు గుణాలతో స్పెషల్ అనే సొంత పద్ధతి కట్టుకుంది. అయినా ఆడితే టేబుల్ వాసన కొడుతుంది. ఒక లాభం తీసుకుంటే పక్కనే ఒక నష్టం మోయాలి. చివరి శత్రువుని కూడా మాటలతోనే ఓడించొచ్చు.

మేం ప్రస్తుతం ఇరుక్కున్నది రెడీ యాక్షన్ దగ్గర. "తలుపు తెరుచుకుంటే బాణం వేస్తా" అని ముందే చెప్పిపెట్టుకోవడం. టేబుల్ దగ్గర షరతు ఏదైనా పెట్టొచ్చు, వినేది మనిషి కాబట్టి. బాల్డర్స్ గేట్ 3 దీన్ని వదిలేసింది. 2021 నాటి సొలాస్టా గేమ్ పెట్టింది గానీ, మెనూలో ఉన్నవాటిలోంచి ఎంచుకోవాల్సిందే. మేం మూడు షరతులు పెట్టాం: శత్రువు కనబడితే, దగ్గరికొస్తే, మంత్రం మొదలుపెడితే. సోమవారం బిల్డ్ ఇచ్చాం. మంగళవారం పొద్దున్నే తమ్ముడు వచ్చి, "అన్నా, వాడు మనవాణ్ని వదిలేస్తే కొట్టొద్దు అని పెట్టుకోవడం ఎట్లా?" అన్నాడు.