వెలుగు పడితేనే విషం

1897-98 చలికాలంలో మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థికి ఒక చిక్కు వచ్చిపడింది. అక్రిడిన్ అనే రసాయనం పారమీషియాలకు, అంటే నీళ్లలో ఉండే ఏకకణ జీవులకు, ఎంత విషమో కొలవడం అతని పని. మోతాదు మారలేదు, అయినా అవి ఒకరోజు ఇట్టే చచ్చేవి, ఇంకోరోజు హాయిగా ఈదుతుండేవి. తేడా ఎక్కడుందంటే, గదిలో పడే వెలుగులో! చీకట్లో అక్రిడిన్ వాటినేమీ చేయలేదు. ఉత్త వెలుగూ చేయలేదు. రెండూ కలిస్తేనే చావు. దీనికి ఆక్సిజన్ కూడా ఉండాలని అతని గురువు టాపైనర్ బృందం తర్వాత తేల్చింది.

పుండులోని బ్యాక్టీరియాను చంపడానికి ఇప్పుడు వాడిచూస్తున్నదీ ఈ కిటుకే. మెథిలిన్ బ్లూ సంగతి చూడండి. ఈ నీలిరంగు అణువు ఎర్రటి కాంతిని మింగి, ఆ శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు అంటిస్తుంది. అలా రెచ్చిపోయిన ఆక్సిజన్ నీళ్లలో బతికేది సెకనులో పది లక్షల వంతులు మూడో నాలుగో, అంతే. ఆ కాస్తలో అది బ్యాక్టీరియా ఒంటి పొడవంత దూరం కూడా పోలేదు. అంటే రంగు ముందుగా సూక్ష్మజీవిని అంటుకుని ఉండాలి. సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియాలకు పైన అదనపు పొర ఉంటుంది కాబట్టి, దానికి అతుక్కునేలా ధనావేశమున్న రంగుల్ని ఎంచుకుంటారు. దొరికితే మాత్రం పొర, ప్రొటీన్లు, డీఎన్‌ఏ, ఏదీ మిగలదు. ఒక్క తాళం మార్చుకుని తప్పించుకునే వీలు లేదు గనుక, యాంటీబయాటిక్స్‌కు లొంగని మొండిఘటాలూ దీనికి లొంగుతున్నాయి.

పసుపులోని కర్క్యుమిన్‌ కూడా నీలికాంతి పడితే ఇదే పని చేస్తుంది. దెబ్బకు పసుపు అద్దిన మన అమ్మమ్మలకు ఇదంతా ముందే తెలుసని మురిసిపోవడం మాత్రం తొందరపాటే. కర్క్యుమిన్ నీళ్లలో సరిగా కరగదు. పోపులపెట్టెలో పసుపేమో క్రిమిరహితం కాదు.

అసలు కష్టం షుగర్ పుండ్ల దగ్గర. ఎర్రకాంతి చర్మంలోకి దిగేది కొన్ని మిల్లీమీటర్లే. చీము, చచ్చిన కండ అడ్డుంటే అదీ లేదు. వాటిని తీసి శుభ్రం చేయడం, షుగర్‌ను అదుపులో పెట్టడం ఎలాగూ తప్పవు. పైగా మోతాదు మించితే పుండును మాన్పే మన కణాలే దెబ్బతింటాయి. ఇంకో మెలిక ఏమిటంటే, రక్తం సరిగా అందని పాదంలో ఆక్సిజనే తక్కువ, ఉన్న కాస్తనూ ఈ చికిత్స ఖర్చు చేసేస్తుంది. అందుకే కొన్ని పద్ధతుల్లో దీపాన్ని మధ్యమధ్య ఆర్పి, రక్తం మళ్లీ ఆక్సిజన్ మోసుకొచ్చేదాకా ఆగి, అప్పుడు వెలిగిస్తారు.